మేళం వెంట

సంగీతాన్ని ఇష్టపడడం వేరు, సంగీతం వెంట నడవడం వేరు. ఇంట్లో పని చేసికొంటూ పాట వింటే చెవికి హాయిగా ఉంటుంది. పని ముగియగానే పాట కూడ మరుగున పడుతుంది. అదే పాటను వాయించేవారి ఎదుట నిలబడి విన్నప్పుడు చెవితో పాటు కన్నూ మనస్సూ కూడ అందులో పాల్గొంటాయి. వాద్యకారుడు ఊపిరి ఎక్కడ బిగబట్టాడో, ఎక్కడ వదిలాడో, ప్రక్కవాడి వైపు చూసి ఎందుకు తల ఊపాడో తెలుస్తుంది. అలా ఒక్క రాత్రి విన్న సంగీతం కొందరిని జీవితాంతం వదలదు. మధుర నగరంలో ఒక తెలుగు విద్యార్థికి ఇటువంటి అనుభవమే కలిగింది.

అతని పూర్వులు ఎన్నో తరాల క్రిందట మధురకు వచ్చి స్థిరపడినవారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తెలుగు అంటే అవ్వతో మాట్లాడడానికి, బడిలో పరీక్ష వ్రాయడానికి పనికివచ్చే భాష అని మాత్రమే అతడు అనుకొనేవాడు. ఇక సన్నాయి మేళం అంటే పెండ్లి పందిట్లో భోజనాల వేళ వినిపించే చప్పుడు. ఆ చప్పుడులో మాటలు వినిపించవని పెద్దలు గొంతు పెంచి మాట్లాడుకోవడం అతడు చిన్నప్పటినుండి చూస్తున్నదే.

2023లో చిత్తిరై ఉత్సవాలు జరిగే రోజులవి. మీనాక్షీ సుందరేశ్వరుల ఊరేగింపు మాసి వీధులలో సాగుతున్నది. జనం మధ్య నిలబడిన ఆ బాలునికి దేవుని వాహనం ఇంకా కనబడలేదు. ముందుగా మేళం వచ్చింది. రెండు సన్నాయిలు, రెండు డోళ్ళు, శ్రుతిపెట్టె, తాళాలు. తమిళులు ఈ సన్నాయిని నాదస్వరమనీ, డోలును తవిల్ అనీ అంటారు. దేవుడు ఊరేగింపుకు బయలుదేరేటప్పుడు 'మల్లారి' వాయించడం సంప్రదాయం. దానికి మాటలు ఉండవు. గంభీరనాట రాగంలో స్వరాలూ లయా కలిసి అడుగులు వేస్తున్నట్లు సాగుతుంది. వీథి చివరనున్నవారు కూడ మల్లారి వినగానే స్వామి వస్తున్నాడని తెలుసుకొంటారు.

నాలుగు వీథుల కూడలిలో ఊరేగింపు ఆగింది. డోళ్ళు ఆగిపోయాయి. పెద్ద విద్వాంసుడు ఒక్కడే ఒక రాగం ఎత్తుకొన్నాడు. మొదట సన్నని దారం వంటి స్వరం. అది మెల్లగా పెరిగి, మెలికలు తిరిగి, ఒక్కొక్క మెట్టే ఎక్కి పై షడ్జమం దగ్గర నిలిచింది. ఆయన బుగ్గలు పొంగాయి, మెడ నరాలు ఉబ్బాయి, కనుబొమల మీది చెమట దీపాల వెలుగులో మెరిసింది. ఆ స్వరం ఇప్పుడు తెగుతుంది, ఇప్పుడు తెగుతుంది అని బాలుడు తన ఊపిరి తానే బిగబట్టాడు. అది తెగలేదు. ప్రక్కన నిలబడిన ఒక ముసలాయన కన్నులు మూసికొని, "ఖరహరప్రియ" అన్నాడు. అది రాగం పేరని కూడ బాలునికి అప్పటికి తెలియదు.

రాగం ముగిసిన క్షణంలో రెండు డోళ్ళు ఒక్కసారిగా అందుకొన్నాయి. ఆ దెబ్బ చెవికంటె ముందు రొమ్మున తగిలింది. ఒక డోలు విద్వాంసుడు ఏదో చమత్కారం వాయిస్తే, రెండవవాడు దానినే తిరగవేసి ఇంకొంత కలిపి అప్పజెప్పాడు. ఇద్దరూ నవ్వుకొన్నారు. గుంపులో ఉన్నవారు కూడ నవ్వారు. ఊరేగింపు కదిలినప్పుడు దేవుని చూడవలసిన బాలుడు మేళం వెంట నడిచాడు. ఒక వీథి, రెండు వీథులు, మూడు వీథులు. ఇల్లు చేరేసరికి చాలా ప్రొద్దుపోయింది. చీవాట్లు తిన్నాడు. ఆ చీవాట్లలో ఒక్క మాటైనా అతని చెవికెక్కలేదు. చెవుల నిండ సన్నాయే ఉన్నది.

ఇష్టం కలిగిన తరువాత తెలుసుకోవాలనే కోరిక పుడుతుంది. తరువాతి రోజులలో అతడు ఎక్కడ మేళం ఉంటే అక్కడికి వెళ్ళి, వాద్యాన్ని దగ్గరగా పరిశీలించాడు, అడిగి తెలుసుకొన్నాడు. పెద్ద సన్నాయి సుమారు రెండున్నర అడుగుల పొడవుంటుంది. వ్రేళ్ళతో మూసి తెరిచే రంధ్రాలు ఏడు. అడుగున ఉన్న మరి ఐదు రంధ్రాలు శ్రుతిని సరిచేయడానికి ఉపయోగపడతాయి. నోట పెట్టుకొనే పీకను రెల్లుజాతి మొక్కతో చేస్తారు. అదనపు పీకలు, వాటిని సవరించే చిన్న సూది దారంతో సన్నాయికే వేలాడుతుంటాయి. రంధ్రాన్ని సగం మూయడం, పెదవిని బిగించడం, ఊపిరి ఒత్తిడిని మార్చడం, ఈ మూడూ కలిస్తేనే గమకం పలుకుతుంది. డోలును పనసకొయ్యతో తొలుస్తారు. కుడిచేతి వ్రేళ్ళకు గట్టి తొడుగులు వేసికొని ఒక వైపు, ఎడమచేతి కర్రతో రెండవ వైపు వాయిస్తారు. కుంభకోణం ప్రాంతంలోని నరసింగంపేటలో తయారయ్యే నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. పాత ఇండ్లలో ఏండ్ల తరబడి ఎండి ఆరిన దూలాల కొయ్య దీనికి శ్రేష్ఠమని అక్కడి పనివారు ఏరికోరి తెస్తారు. ఒకప్పుడు పొట్టిగా, హెచ్చు శ్రుతిలో మ్రోగే తిమిరి సన్నాయి వాడుకలో ఉండేది. తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై (1898–1956) కాలంలో పొడవైన, తగ్గు శ్రుతిలో గంభీరంగా పలికే బారి సన్నాయి ప్రచారంలోకి వచ్చింది. తోడి రాగమంటే రాజరత్నం పిళ్ళై అనేవారు ఆ కాలపు రసికులు.

ఆయన అభిమానులలో ఒక తెలుగువాడిని గురించి ఇక్కడ చెప్పుకోవాలి. ఒంగోలు దగ్గర కరవది గ్రామంలో 1924లో షేక్ చినమౌలానా జన్మించారు. తరతరాలుగా సన్నాయి వాయించే ముస్లిం కుటుంబం వారిది. తండ్రి వద్ద, చిలకలూరిపేటలో ఆదం సాహెబు వద్ద ఆయన విద్య నేర్చారు. ఆంధ్రదేశంలో విద్వాంసుడుగా పేరు పొందడానికి ఆ విద్య చాలును. కాని రాజరత్నం పిళ్ళై వాదనలోని తంజావూరు బాణీ ఆయన మనస్సును పట్టుకొన్నది. మెచ్చుకొని ఊరుకోలేదు. అప్పటికే విద్య వచ్చినవారై ఉండికూడ, నాచ్చియార్‌కోయిల్ సోదరులైన రాజం, దురైకణ్ణు విద్వాంసుల వద్ద మళ్ళీ శిష్యుడుగా చేరి ఆ బాణీని అభ్యసించారు. చివరకు శ్రీరంగంలో స్థిరపడి, అక్కడే శిష్యులకు విద్య నేర్పారు. శ్రీరంగనాథుని భక్తితో కొలిచారు, తన మతాన్నీ శ్రద్ధతో పాటించారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు ఆయనకు లభించాయి. 1999లో ఆయన కన్నుమూశారు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఒక మనిషి అభిమానం ఊరు మార్పించి, బాణీ మార్పించి, మరొక తరానికి విద్యగా అందింది.

మధుర బాలుడు సన్నాయి నేర్చుకోలేదు. వినడం మాత్రం నేర్చుకొన్నాడు. ఆ వినికిడికి త్వరలోనే ఒక పరీక్ష వచ్చింది.

ఆవణి మాసంలో అక్క పెండ్లి కుదిరింది. ఖర్చుల చిట్టా వ్రాస్తూ తండ్రి మేళం దగ్గర కలం ఆపాడు.

"మేళం ఎందుకు? వినేవారెవరు? పెట్టెలో పాట వేస్తే చాలు. ఆ డబ్బు భోజనాలకు వస్తుంది" అన్నాడు.

"నేను వింటాను, నాయనా" అన్నాడు బాలుడు.

"నీ ఒక్కడి కోసం మేళం పెట్టించాలా?" అని తండ్రి నవ్వాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. అప్పటికే ఆ చిట్టా రెండు పుటలు దాటింది. బాలునికి జవాబు తోచలేదు. మూలన కూర్చొని ప్రత్తి వత్తులు చేస్తున్న అవ్వ తలెత్తింది.

"తాళి కట్టే వేళ పురోహితుడు చేయి ఎత్తుతాడు. గట్టిమేళం మ్రోగాలి. నీ పెట్టె ఆ చేయి చూస్తుందా?" అని అడిగింది.

తండ్రి కాసేపు ఊరుకొని, చిట్టాలో ఒక అంకె కొట్టివేసి, చిన్న మేళానికి ఒప్పుకొన్నాడు. రెండు సన్నాయిలు, ఒక డోలు, శ్రుతి, తాళం.

పెండ్లిలో తండ్రి చెప్పినట్లే జరిగింది. ఎవరి మాటల్లో వారున్నారు. పిల్లలు మేళం ముందునుండే పరుగులు తీశారు. బాలుడు మాత్రం పనులు చక్కబెట్టి వచ్చి, విద్వాంసుల ఎదుట చాప మీద కూర్చొని తొడమీద తాళం వేయసాగాడు. పురోహితుడు చేయి ఎత్తాడు. ఆ చేతినే కనిపెట్టుకొని ఉన్న డోలు విద్వాంసుడు ఆ క్షణానే గట్టిమేళం అందుకొన్నాడు. పందిట్లోని మాటలన్నీ అందులో మునిగిపోయాయి. అక్క కంట నీరు తిరిగింది, తండ్రి కంట కూడ తిరిగింది.

అక్షింతలు పడిన తరువాత అందరూ భోజనాలకు లేచారు. బాలుడు లేవలేదు. పెద్ద విద్వాంసుడు అతనిని ఒకసారి చూసి, పీక మార్చుకొని, ఖాళీ పందిట్లో ఖరహరప్రియ ఎత్తుకొన్నాడు. తొందర లేకుండ, పెద్ద సభలో వాయించినట్లే వాయించాడు. వినేవాడు ఒక్కడే. ఆ ఒక్కడికీ ఏమీ తక్కువ చేయలేదు.

వాయించడం ముగిసిన తరువాత ఆయన తన సంచిలోనుండి ఒక పాత నోటుపుస్తకం తీశాడు. త్యాగరాజస్వామి కృతులు తమిళ లిపిలో వ్రాసికొన్న పుస్తకం అది. త్యాగయ్య (1767–1847) తమిళదేశంలో, కావేరి ఒడ్డున తిరువయ్యారులో ఉండి తెలుగులో కృతులు రచించాడు. తెలుగు రాని విద్వాంసులెందరో వాటిని తరతరాలుగా కాపాడుకొంటూ వచ్చారు. అయితే తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు అక్షరం ఒక్కటే. అచ్చు పుస్తకాలలో గుర్తుకోసం ప్రక్కన చిన్న అంకెలు వేస్తారు. చేతివ్రాతలో అవి లేకపోతే 'గానము' అన్న మాటను 'కానము' అని చదివే ప్రమాదం ఉంది. ఒకటి పాట, మరొకటి చూడలేమని చెప్పడం.

"తంబీ, మీరు తెలుగువాళ్ళే కదా? ఈ మాట ఏమిటో చెప్పు. మాట తెలిస్తేనే ఊపిరి ఎక్కడ తీసికోవాలో తెలుస్తుంది. మాట మధ్యలో విరవకూడదు" అని ఆయన తమిళంలో అడిగాడు.

సన్నాయిలో మాట వినబడదు కదా, అర్థంతో పనేమిటని బాలుడు ఆశ్చర్యపోయాడు. వినబడని మాటకోసం ఒక పెద్ద విద్వాంసుడు ఇంత శ్రద్ధ పడుతున్నాడు. ఇంట్లో ఆ మాటలను ప్రతిదినం వాడే తాను వాటిని ఏనాడూ పట్టించుకోలేదు. ఒక్కొక్క పంక్తి చదివి, తెలిసిన మాటలు చెప్పాడు. తెలియనివి అవ్వను అడిగి వచ్చి చెప్పాడు. అవ్వకూ తెలియని రెండు మాటలను చీటీలో వ్రాసికొని, బడిలో తెలుగు పంతులుగారిని అడిగి, తరువాతి వారం విద్వాంసునికి చేర్చాడు. తన ఇంటి భాష మరొకరి చేతిలో ఇంత విలువైన వస్తువని అతనికి అప్పుడే తెలిసింది.

ఆ పుస్తకంలో మొదటి కృతి 'ఎందరో మహానుభావులు'. దానిని గురించి సంగీత లోకంలో ఒక కథ చెప్పుకొంటారు. కేరళ దేశంనుండి షట్కాల గోవింద మారార్ అనే గాయకుడు తిరువయ్యారుకు వచ్చి, త్యాగయ్య ఎదుట ఒకే పాటను ఆరు కాలాలలో పాడి వినిపించాడట. అంతటి వాగ్గేయకారుడూ ఆనాడు శిష్యుల నడుమ కూర్చొని శ్రోతగా విన్నాడు. విని ఆనందించి, మహానుభావులందరికీ నమస్కరిస్తూ ఈ కృతిని వినిపించాడట. తాను పెద్దవాడననే తలపు శ్రోతకు అడ్డు రాకూడదని ఆ కథ నేర్పుతుంది.

నేడు ఎన్నో గుళ్ళలో విద్యుత్తుతో మ్రోగే గంటల యంత్రాలు వచ్చాయి. ఎన్నో పెండ్లిండ్లలో పెట్టెలే పాడుతున్నాయి. వాటిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. మేళం ఉన్నచోట ఎదుట ఒకరు కూర్చొని వింటే, పీక మార్చుకొని మరొక రాగం ఎత్తుకోవడానికి విద్వాంసుడు ఇప్పటికీ సిద్ధంగానే ఉన్నాడు.