మసకంతా చేతకానితనమేనా?

సొంతంగా నేర్చుకున్న ఫొటోగ్రాఫర్ పనిలో మసకో మరకో కనిపిస్తే చాలు, పని రాదని తేల్చేస్తాం. 1860ల్లో ఇంగ్లండులోని ఫొటోగ్రఫీ పత్రికలు జూలియా మార్గరెట్ కామెరాన్ గురించి అలాగే తేల్చేశాయి. కలకత్తాలో పుట్టిన ఈవిడ చేతికి కెమెరా వచ్చింది 48వ ఏట, 1863లో, కూతురూ అల్లుడూ ఇచ్చిన కానుకగా. స్టూడియో అంటారా, కోళ్లగూడు ఖాళీ చేయించి అందులోనే పెట్టింది! అప్పటి తడి కొలోడియన్ పద్ధతి మహా మొండిది. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగట ద్రవం పోసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, ఆ తడి ఆరేలోపే ఫొటో తీసి డెవలప్ చేసేయాలి. ఆరిందా, పలక దండగే. పని రాని మనిషి ఇలా వందలకొద్దీ ఫొటోలు తీయగలదా?

అయితే ఆ మరకలూ పగుళ్లూ అన్నీ కావాలని చేసినవేనా అంటే, కావు. మసక కూడా మొదట్లో అనుకోకుండా కుదిరిందేనని ఆవిడే రాసుకుంది. కానీ అనుకోకుండా వచ్చినదాంట్లో ఏది ఉంచాలో, దేన్ని మళ్లీ రప్పించాలో ఎంచుకున్నది ఆవిడ కన్నే. 1867లో ఆవిడ తీసిన, శాస్త్రవేత్త సర్ జాన్ హెర్షెల్ ఫొటో చూడండి. చీకట్లోంచి చెదిరిన తెల్లజుట్టు, ముడతలు పడ్డ ముఖం ముందుకొస్తాయి. ఫోన్‌లో ఫిల్టర్ వేస్తే ఇదే మసక రాదా అంటారు. వస్తుంది, ఎవరి ముఖానికైనా ఒకేలా వస్తుంది. కామెరాన్ మసకలో మాత్రం ఎదుట కూర్చున్న మనిషి నిమిషాల తరబడి బిగబట్టి ఉండలేక కదిలిన కదలిక కూడా ఉంది. పత్రికలు వెక్కిరిస్తున్న రోజుల్లోనే, 1865లో, లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం ఆవిడ ఫొటోలు కొని ప్రదర్శనకు పెట్టింది.