కొల్లేటి తడిలో పాత బుల్లెట్

తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా హైవే. పాత బుల్లెట్‌కి అక్కడ పరీక్షేం లేదు, అరవైలో డుగుడుగుమంటూ పోతుంది. ఏలూరు దాటి కైకలూరు రోడ్డెక్కితే కథ మారుద్ది. రెండు పక్కలా చేపల చెరువులు, పొద్దున్నే మంచు, గాలి నిండా తడి. నాన్న 1990ల్లో కొన్న 350 సీసీ కాస్ట్ ఐరన్ ఇంజన్ సరిగ్గా ఇక్కడే మిస్సింగ్ కొడుతుంది.

ఈ బండిలో స్పార్క్ ఎప్పుడివ్వాలో చెప్పేది కంప్యూటర్ కాదు. రెండు చిన్న పాయింట్లు విడిపోయిన క్షణంలో కాయిల్ నుంచి స్పార్క్ వస్తుంది. ఆ సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. చెమ్మ, మసి చేరితే కరెంటు తడబడుతుంది. పాయింట్‌ని తోసే ఫైబర్ ముక్క అరిగితే సందు తగ్గి స్పార్క్ ఆలస్యమవుద్ది, లాగుడు పోతుంది. కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి దారిలో ఎన్నిసార్లు గట్టు పక్కన ఆపానో! ఉప్పుకాగితం, ఫీలర్ గేజ్, పది నిమిషాలు. గూడబాతుల్ని చూస్తూ చేసుకోవచ్చు.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించెయ్ అంటారు ఫ్రెండ్స్. పాయింట్ల గోల ఉండదు, నిజమే. కానీ అది చెడితే గట్టు మీద నేను చెయ్యగలిగేది ఏమీ లేదు. (రోజూ ఎర్రర్ లాగ్‌లు చదివి బతికే నాకు, రోగం ఇంత తేటగా చెప్పే మెషీన్ ఇంకోటి కనపడలేదు.)

ఏలూరులో మా మెకానిక్ గారికి కళ్లు ఆనడం లేదు. షాపులో కుర్రాళ్లకి పాయింట్ల పని రాదు, నేర్చుకుందామన్నా పాత బళ్లు రావట్లేదు. మొన్న ట్యాపెట్ల మూత తీసి స్పానర్ నా చేతికిచ్చారు. "ఇంజన్ చల్లగా ఉండాలి బాబూ. పుష్‌రాడ్ వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందకీ ఆడకూడదు. ఏదీ, తిప్పు."