గూడూరివారు: ఒక ఇంటిపేరు విచారము

తెలుగునాట ఇంటిపేరు ముందు నడచును. వ్యక్తినామము దానిని అనుసరించును. బమ్మెర పోతన, తాళ్ళపాక అన్నమయ్య, పాలకురికి సోమనాథుడు, కందుకూరి వీరేశలింగము అనునప్పుడు మొదట వినవచ్చునది ఊరు. ఆ పిమ్మటనే మనిషి. ఈ వరుసను నిత్యము వాడుచుండియు, ఇంటిపేరు మనకు చెప్పునదేమి, చెప్పనిదేమి అను విచారము సామాన్యముగా ఎవరును చేయరు. ఇంట పెండ్లిమాట వచ్చినప్పుడు మాత్రము అది తప్పదు. కొత్తగూడలోని ఒక ఇంట జరిగినది అట్టిదే.

కొత్తగూడ హైదరాబాదు నగరమునకు పడమట, కొండాపురమునకును గచ్చిబౌలికిని చేరువనున్న పూర్వపు గ్రామము. 1998లో సమీపమున మాదాపూరునందు సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట ఆ ప్రాంతమంతయు కంప్యూటరు ఉద్యోగుల నివాసమైనది. 2023లో కూడలి మీద పైవంతెన తెరవబడినది. ఊరి రూపు మారినను పేరు మారలేదు. అచటి ఒక బహుళాంతస్తుల భవనమున, కుమారునియొద్ద, విశ్రాంతి తీసికొనుచున్న వ్యాకరణ పండితులొకరు కలరు. ఇంటిపేరు గూడూరి. ముప్పదియేండ్లకు పైగా ప్రాచ్యకళాశాలలో బాలవ్యాకరణము పాఠము చెప్పినవారు. ఇరుగుపొరుగువారు వారిని శాస్త్రిగారు అనియే పిలుతురు.

శాస్త్రిగారికి ఆ భవనపు క్రిందియంతస్తులోని పేర్ల బోర్డు ప్రతిదినమును చదువదగిన శాసనము. కొండవీటి, నూతలపాటి, వేమూరి, భీమవరపు మొదలైన ఇంటిపేరులు అందు వరుసగా ఉండును. కృష్ణా గుంటూరు జిల్లాలనుండియు, కరీంనగర్ వరంగల్ ప్రాంతములనుండియు, రాయలసీమనుండియు వచ్చినవారు ఒకే మెట్లవరుసను ఎక్కి దిగుచుందురు. వారిలో పలువురు తమ పేరులోని ఊరిని చూచియుండలేదు. బోర్డు వ్రాయించినవారు కొందరి ఇంటిపేరును ముందును, కొందరిదానిని వెనుకను వ్రాయించిరి. దరఖాస్తులలో కడపటి పేరు అడుగు ఆచారము వచ్చిన నాటినుండి ఈ తారుమారు సర్వసాధారణమైనది.

శాస్త్రిగారి మనుమరాలు అదే ప్రాంతమునందలి ఒక సంస్థలో ఉద్యోగము చేయుచున్నది. తనతో పనిచేయు యువకుని వివాహమాడదలచినట్లు ఆమె ఒకనాటి సాయంకాలము ఇంట తెలిపెను. చదువు, వయస్సు, శాఖ, అన్నియు అనుకూలములే. యువకుని పెద్దలు వరంగల్ ప్రాంతమువారు. అతని ఇంటిపేరు మాత్రము గూడూరి.

శాస్త్రిగారి భార్య ఆ మాట విని చేతిలోని పని ఆపివేసెను. "ఇంటిపేరు ఒక్కటయ్యాక అన్నాచెల్లెళ్ళ వరుసే కదండీ. ఇంక మాట్లాడవలసిందేముంది?" అని ఆమె ప్రశ్న. మనుమరాలు తాతగారి వంక చూచెను. "తాతయ్యా, మీరే చెప్పండి. జీవితమంతా పాఠం చెప్పారు గదా" అనెను. శాస్త్రిగారు రెండుదినములు గడువు అడిగిరి.

వారు మొదట ఆశ్రయించినది వ్యాకరణమునే. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి ఇ, టి, తి వర్ణములను ఔపవిభక్తికములుగా చెప్పియున్నాడు. ఊరు శబ్దము ఊరి అగును. అందుచే కందుకూరు కందుకూరి అయినది, వేమూరు వేమూరి అయినది. కొండవీడు కొండవీటి అగును. నూతలపాడు నూతలపాటి అగును. భీమవరము భీమవరపు అగుటయు ఇట్టి సంబంధరూపమే. కావున గూడూరి అనగా గూడూరియొక్క, గూడూరికి చెందిన అని మాత్రమే అర్థము. ఇది స్థలసంబంధమును చెప్పునేగాని జన్యజనక సంబంధమును చెప్పదు. ఈ ఉదాహరణమును శాస్త్రిగారు తమ పేరుతోనే ఎన్నియోమారులు తరగతిలో చెప్పియుండిరి. అది తమ ఇంటి గడపలోనికి వచ్చి నిలుచునని ఎన్నడును తలపలేదు.

ఇంటిపేరులన్నియు ఊరిపేరులు కావనుట నిజమే. తిక్కన వంశమునకు కల కొట్టరువు అను పేరు ధాన్యాగారాధికారమును సూచించునని పండితుల అభిప్రాయము. నేని అని ముగియు పేరులు నాయకవాచియగు నాయని పదము కుదించుకొనిపోగా ఏర్పడినవి. చదువుకొను పిల్లలు హాజరు పిలుపు వేళ తలవంచుకొనునట్టి ఎగతాళి పేరులును కలవు. అట్టివానిని ఏ కుటుంబమును కోరి ఎంచుకొనదు. అవి ఎదుటివారు పెట్టినవి. ఎదుటివారు పెట్టినది అను ఈ లక్షణమే ఇంటిపేరునకు మూలమని శాస్త్రిగారికి ఆ రాత్రి తోచెను.

రెండవది ఊరి విచారము. గూడూరు ఒక్కటి కాదు. బందరు సమీపమున ఒక గూడూరు కలదు. క్రీస్తుశకము 2వ శతాబ్దికి చెందిన టాలెమీ భూగోళగ్రంథమున మైసోలియా ప్రాంతపు పట్టణములలో పేర్కొనిన కొద్దూర అదియేనని చరిత్రకారులు గుర్తించిరి. 2022 వరకు నెల్లూరు జిల్లాలో నుండిన గూడూరు అభ్రకపు గనులకు పేరుపడినది. కర్నూలు జిల్లాలో ఒకటి, మహబూబాబాదు జిల్లాలో మరియొకటి కలవు. ఓరుగల్లు సీమలో విరియాలవారి శాసనమున్న గూడూరు చరిత్ర విద్యార్థులకు సుపరిచితము. 12వ శతాబ్దికి చెందిన ఆ శాసనము కాకతీయుల తొలినాళ్ళ చరిత్రకు ముఖ్యాధారము. అందు తెలుగు పద్యములును కలవు. విరియాల అను కులనామము వ్యక్తినామములకు ముందు నిలుచు పద్ధతికి అది ప్రాచీనమైన సాక్ష్యము.

ఇన్ని గూడూరులు ఏల ఏర్పడినవి? పేరును గూడు, ఊరు అని విడదీసినచో ఉత్వసంధి సుగమము. గూడు పక్షికిని మనిషికిని సమానముగా వాడు మాట. కన్నడమున గూడు, తమిళమున కూడు దీని సోదరపదములు. గూడెము, గూడ అనునవియు నివాసమునే చెప్పును. కాచిగూడ, నారాయణగూడ, లాలాగూడ, కొత్తగూడ అను నగరభాగముల పేరులు ఈ కోవలోనివే. నాలుగిండ్లు చేరినచోటనెల్ల పుట్టదగిన పేరు గనుక అది ఒక్కచోటనే పుట్టినదనుటకు హేతువు లేదు. అందుచే అది ఇంటిపేరుగా భిన్నవర్గములయందు, భిన్నగోత్రములయందు కానవచ్చుట సహజము.

మూడవది శాస్త్రవిచారము. యాజ్ఞవల్క్యుడు వివాహమునకు నిషేధించినది సగోత్రను, సమానప్రవరను, సపిండను. సాపిండ్యమునకు తల్లివైపున ఐదు తరములు, తండ్రివైపున ఏడు తరములు అవధి. విజ్ఞానేశ్వరుడు మితాక్షరయందు సపిండశబ్దమును శరీరావయవ సంబంధముగా వివరించెను. ఇంటిపేరు ఈ లెక్కలో ఎక్కడను రాదు. నేటి న్యాయము మరింత సడలించినది. 1946 నాటి చట్టము సగోత్ర వివాహమునకు గల అడ్డును తొలగించినది. 1955 నాటి హిందూ వివాహచట్టము సాపిండ్యమును తండ్రివైపున ఐదు, తల్లివైపున మూడు తరములకు పరిమితము చేసినది. శాస్త్రిగారి గోత్రము భారద్వాజము, యువకునిది కౌండిన్యము. మొదటిదానికి ఆంగీరస, బార్హస్పత్య, భారద్వాజులు ప్రవరఋషులు. రెండవదానికి వాసిష్ఠ, మైత్రావరుణ, కౌండిన్యులు. ఇరువురికి సమానమైన ఋషి ఒక్కడును లేడు.

మూడవనాడు శాస్త్రిగారు ఇవన్నియు భార్యకు వివరించిరి. వారిది బందరు గూడూరనియు, యువకునివారిది ఓరుగల్లు గూడూరనియు, కనుక సంబంధమే లేదనియు సిద్ధాంతము చేసిరి. ఆమె శాంతముగా విని ఒక్క ప్రశ్న అడిగెను. "మనది బందరు గూడూరని మీకెవరు చెప్పారు?"

శాస్త్రిగారికి వెంటనే సమాధానము దొరకలేదు. టాలెమీ పేర్కొనిన రేవుపట్టణమునుండి తమ పూర్వులు వచ్చిరని వారు కళాశాల వార్షికోత్సవములలో పలుమారులు చెప్పియుండిరి. విద్యార్థులు సంతోషించిరి, తామును సంతోషించిరి. తమ తండ్రి చెప్పగా వినినది మాత్రము ఇంతియే: తాతముత్తాతలు కృష్ణాతీరపు ఒక అగ్రహారమున ఉండిరి, అంతకుముందు గూడూరినుండి వచ్చిరి. ఏ గూడూరు అని తండ్రియు చెప్పలేదు, కుమారుడును అడుగలేదు. దగ్గరనున్నది, కీర్తి గలది గనుక బందరు గూడూరును తామే తెచ్చి అతికించుకొనిరి. ఆధారము చూపక శాసనమును చదివిన విద్యార్థిని మందలించినవారే ఈ పని చేసియుండిరి.

"ఏ గూడూరో తెలియనప్పుడు, వాళ్ళదీ మనదీ ఒకటి కాదని ఎలా అంటారు?" అని ఆమె మరల అడిగెను. ఆ ప్రశ్న న్యాయమైనది. శాస్త్రిగారు దానిని త్రోసిపుచ్చలేదు. ఊళ్ళు వేరను వాదము నిలువదని ఒప్పుకొనిరి. పిమ్మట, ఊరు ఒకటియే అయిననేమి అని విచారించిరి.

గూడూరిలో నివసించువానిని గూడూరివాడని ఆ ఊరివారు పిలువరు. అచట అందరును గూడూరివారే. ఆ మాట ఎవరిని ఎవరినుండియు వేరు చేయదు. ఒక కుటుంబము ఊరు విడిచి వేరొకచోట స్థిరపడినప్పుడే ఆ క్రొత్తఊరివారు వారిని గూడూరివారందురు. కనుక ఈ జాతి ఇంటిపేరు విడిచినఊరిలో పుట్టునది కాదు, చేరినఊరిలో పుట్టునది. ఒకే గూడూరినుండి ఒక భారద్వాజ కుటుంబము తూర్పునకును, ఒక కౌండిన్య కుటుంబము పడమటికిని పోయియుండవచ్చును. వారితోపాటు కమ్మరియు, సాలెయు, కాపును వలసపోయియుండవచ్చును. చేరినచోట అందరును గూడూరివారే అగుదురు. ఇంటిపేరు తెలుపునది పూర్వులెవరో కాదు. పూర్వులు ఒకచోటును విడిచిరని మాత్రమే. పితృవంశము వేరని చెప్పుటకు గోత్రప్రవరలు కలవు, ఇటీవలి తరముల పేరులు కలవు. ఉభయకుటుంబములవారును తమకు తెలిసిన తరముల పేరులను కాగితముమీద వ్రాసి పోల్చిరి. ఎక్కడను కలియలేదు.

ఆమె చాలసేపు మాటాడలేదు. తుదకు, "మా అమ్మ బ్రతికుంటే ఒప్పుకునేది కాదు" అనెను. దేశాచారము కూడ ప్రమాణమేనని శాస్త్రిగారికి తెలియును; ఆమె మాటలో ఉన్నది మౌఢ్యము కాదనియు తెలియును. ఒకే ఊరికి చెందిన పేరు గలవారు కొన్నితరములు కలిసి మెలగినచోట, వారు దాయాదులగుటకే అవకాశము హెచ్చు. వంశవృక్షము వ్రాసియుంచుకొనని కుటుంబములకు ఇంటిపేరు ఒక్కటే గుర్తు; దానిని చూచి జాగ్రత్తపడుట పెద్దల వివేకము. నిషేధము పుట్టినచోట హేతువు కలదు. ఆ హేతువు లేనిచోట గుర్తును పట్టుకొని వ్రేలాడుట తగదని మాత్రమే శాస్త్రిగారు చెప్పిరి. శుభలేఖలో ఇరువురి గోత్రములును స్పష్టముగా అచ్చువేయవలెనని ఆమె ఒక నియమము పెట్టి సమ్మతించెను.

ఆ రాత్రి శాస్త్రిగారు తమ వంశవృత్తాంతపు పుస్తకము తెరచి, బందరు గూడూరును గూర్చిన పుటను కొట్టివేసిరి. దాని స్థానమున ఏమియు వ్రాయలేదు. మనుమరాలు అది చూచి, "పోనీ తాతయ్యా, మేం వేరే దేశం వెళితే అక్కడివాళ్ళు మమ్మల్ని కొత్తగూడవాళ్ళనాలి కదా!" అని నవ్వెను. పూర్వమైనచో అట్లే జరిగియుండునని శాస్త్రిగారు చెప్పిరి. బడిరికార్డులు, ఓటర్ల జాబితాలు, పాస్‌పోర్టులు ఇంటిపేరును ఉన్నచోట నిలిపివేసినవి. మనుష్యులు వలసపోవుచున్నను పేరులు ఇక కదలవు. శ్రీశైలము జలాశయమున మునిగిపోయిన ఊళ్ళు ఎన్నియో కలవు. అట్టి ఊరిపేరు ఇంటిపేరుగా మిగిలినచోట, ఆ కుటుంబపు సంతకమే ఆ ఊరికి గుర్తు.

శుభలేఖ అచ్చువేయువాడు ఉభయపక్షములందును ఒకే ఇంటిపేరుండుట చూచి, పొరపాటేమోనని ఫోనుచేసెను. పొరపాటు కాదని శాస్త్రిగారే సమాధానము చెప్పిరి.

కన్యాదానవేళ పురోహితులు ప్రవర చదివిరి. వరుని ముత్తాత, తాత, తండ్రి. వధువు ముత్తాత, తాత, తండ్రి. వారి ఋషులు, వారి గోత్రములు. శాస్త్రిగారి భార్య ఒక్కొక్క పేరును పెదవులు కదపుచు వినుచుండెను. మంత్రము ముగిసినది. అందు ఎక్కడను ఇంటిపేరు రాలేదు. ఆమె భర్త వంక తిరిగి తల ఊపి, అక్షతలు చేతిలోనికి తీసికొనెను.