పాము స్నానం, పసిపాప తొట్టి

గోదావరి జిల్లాలో ముప్పైయైదేళ్ళు వైద్యం చేసిన నాకు పాము అనగానే గుర్తుకు వచ్చేవి కోఱలు, విషం, విషానికి విరుగుడు మందు సీసాలు. వరిచేలలో రక్తపింజర కాటు పడినవారిని, వానకాలపు రాత్రులలో నేలపై నిద్రిస్తుండగా కట్లపాము కాటుకు గురి అయినవారిని ఎడ్లబండ్లమీద, తరువాతి రోజులలో ఆటోలలో తీసుకొని వచ్చేవారు. అందువలన అమెరికాలో డాలస్ నగరం పొరుగున ఉంటున్న మా అమ్మాయి ఇంట్లో పదేళ్ళ మనుమడు పామును పెంచుకుంటున్నాడని తెలిసినపుడు బంధువులందఱూ నన్ను అడిగినది ఒకే ప్రశ్న: “కఱిస్తే?” దానికి సమాధానం చిన్నది. అది కార్న్ స్నేక్ అనే జాతి పాము. దానికి విషం లేదు. కఱిస్తే పడే చిన్న గాట్లను సబ్బుతో కడుక్కుంటే సాధారణంగా సరిపోతుంది. ఎవరూ అడగని ప్రశ్న వేఱొకటి ఉంది. ఆ పాముకు స్నానం ఎక్కడ చేయిస్తున్నారు?

టైఫాయిడు జ్వరం పేరు వినని తెలుగు కుటుంబం ఉండదు. దానిని కలిగించే సూక్ష్మజీవి సాల్మొనెల్లా తెగకు చెందినది. టైఫాయిడు సూక్ష్మజీవికి ఆశ్రయం మనిషి ఒక్కడే. ఆ తెగలోని ఇతర రకాలు అనేకం జంతువుల ప్రేవులలో కాపురముంటాయి. పాములు, తాబేళ్ళు, బల్లుల ప్రేవులలో ఆ ప్రాణులకు ఏ బాధా కలిగించకుండా సహజంగా ఉంటాయి. (ఈ పేరుకు సాల్మన్ చేపతో సంబంధం లేదు. 1885లో వీటిని కనుగొన్నవారు థియోబాల్డ్ స్మిత్. పేరు మాత్రం ఆయన పై అధికారి, పశువైద్యుడు డేనియల్ సాల్మన్‌కు దక్కింది. ప్రభుత్వోద్యోగం చేసినవారికి ఇది వింతగా తోచదు.) పాము నిగనిగలాడుతూ చుఱుకుగా ఉన్నంత మాత్రాన దాని మలంలో ఈ సూక్ష్మజీవులు లేవని కాదు. అవి ప్రతిసారీ వెలువడవు కనుక ఒక పరీక్షలో కనబడకపోయినా లేవని చెప్పలేము. పాముకు యాంటీబయాటిక్‌లు ఇచ్చి వీటిని నిర్మూలించడం సాధ్యపడదు. పైగా మందులకు లొంగని రకాలు తలెత్తుతాయి. పాముకు ఎన్నిసార్లు స్నానం చేయించినా ఇవి పోవు, ఎందుకంటే ఇవి ఉన్నది లోపల.

నిజానికి పాముకు స్నానం అక్కఱ లేదు. కుబుసం విడిచే ప్రాణికి ఒంటి మురికి బెంగ ఎక్కడిది? పంజరంలో త్రాగడానికి, కావాలంటే చుట్టుకొని పడుకోవడానికి ఒక నీటిపళ్ళెం ఉంటే చాలును. గాలిలో తేమ తక్కువైతే కుబుసం ఒక్క తొడుగుగా ఊడక ముక్కలుగా అంటుకుంటుంది. తోక కొనకు బిగిసిన ముక్క రక్తప్రసరణకు అడ్డుపడుతుంది. అపుడు సబ్బు లేని గోరువెచ్చని నీటిలో కొద్దిసేపు ఉంచడం మేలు చేస్తుంది. మూత ఉన్న డబ్బాలో తడి కాగితపు తువ్వాలు పఱచి పామును అందులో దూరనిస్తే పని ఇంకా సుళువుగా అవుతుంది.

ఇక్కడే అసలు చిక్కు. గోరువెచ్చని నీళ్ళు తగలగానే పాములు తఱచు మలవిసర్జన చేస్తాయి. పెంపకందారులు మలబద్ధకానికి ఇదే వైద్యంగా వాడుతారు. మా మనుమడు ప్రతి శనివారం పామును స్నానాల తొట్టిలో వదలి, పదిహేను నిమిషాలు ప్రక్కనే కూర్చొని కబుర్లు చెప్పేవాడు. అదే తొట్టిలో సాయంకాలం ఎనిమిది నెలల మా మనుమరాలి స్నానం. తొట్టి అంచున రబ్బరు బాతులు, ప్రక్క గట్టుమీద అందఱి పళ్ళ కుంచెలు. “తరువాత సబ్బుపెట్టి కడిగేస్తున్నాం కదా, నాన్నా! ఏడాదయింది, ఎవరికీ ఏమీ కాలేదు” అన్నది అమ్మాయి. కడుగుతున్న మాట నిజమే. కాని తొట్టి అడుగున కాలు జాఱకుండా వేసిన గరుకు చాప, నీరు పోయే కన్నం, అంచుల అతుకులు చూడండి. కంటికి కనబడని పొరలుగా సూక్ష్మజీవులు అక్కడ అంటుకుంటాయి. రబ్బరు బాతు కడుపులోకి పోయిన నీళ్ళను ఎవరు కడుగుతారు? ఆ పిల్లకు పళ్ళు వస్తున్న వయసు. బాతు ముక్కు దాని నోటిలోనే ఉంటుంది.

పెద్దవారికి ఈ జబ్బు చాలావఱకు కడుపునొప్పి, జ్వరం, విరేచనాలతో వారంలోపు తగ్గిపోతుంది. శిశువులలో సూక్ష్మజీవులు రక్తంలో ప్రవేశించి ఎముకలకు, మెదడు పొరలకు చేరవచ్చు. సాల్మొనెల్లా వలన మెదడు పొరల తాపం కలిగిన రెండు నెలల శిశువును నేను ఉద్యోగంలో ఉండగా చూచాను. అక్కడ పాము లేదు, మూలం తెలియలేదు. బిడ్డ బ్రతికింది, వినికిడి దక్కలేదు. “ఏడాదిగా ఏమీ కాలేదు” అన్న మాటను నేను అంగీకరించలేకపోవడానికి కారణం ఆ బిడ్డ.

“పాప నూడిల్‌ను ముట్టుకోనే లేదు, తాతయ్యా!” అన్నాడు మనుమడు. నూడిల్ ఆ పాము పేరు. వాడికి నేను డెన్వర్ జంతుప్రదర్శనశాల కథ చెప్పాను. 1996లో అక్కడ కొమొడో డ్రాగన్ అనే పెద్ద ఉడుము జాతి జంతువును చూడవచ్చిన పిల్లలు అనేకమంది సాల్మొనెల్లాతో జబ్బుపడ్డారు. వారు ఆ జంతువును తాకలేదు. దాని చుట్టూ ఉన్న చెక్క కంచెను తాకారు. ఆ జంతువు మలం తొక్కిన పాదాలను కంచెపై ఆనించేది. చూచిన తరువాత చేతులు కడుక్కున్న పిల్లలకు జబ్బు చాలా తక్కువగా వచ్చింది. వాడు సైన్సు ఇష్టపడే పిల్లవాడు. కాసేపు ఆలోచించి, “అయితే నా చొక్కా కూడా కంచే కదా” అన్నాడు.

ఆహారం సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో పాముల కోసం గడ్డకట్టించిన చచ్చిన ఎలుకలను అమ్ముతారు. గడ్డకట్టినంత మాత్రాన సాల్మొనెల్లా చావదు. 2010 ప్రాంతాలలో బ్రిటన్‌లోను, అమెరికాలోను ఆ ఎలుకల వలన అనేకులు జబ్బుపడ్డారు. వాటిని వంటింటి ఫ్రిజ్‌లో దాచరాదు, వంట గిన్నెలలో కరిగించరాదు. శాకాహారి అయిన మా వియ్యపురాలు ఆ ఇంట్లో నెల రోజులు ఫ్రీజర్ నుంచి పచ్చి బఠాణీలు తీసి వండారు. వాటి ప్రక్క సంచిలో ఏమున్నదో ఆమెకు ఈనాటికీ తెలియదు. ఆమె నా వ్యాసాలు చదవరు.

అయిదేళ్ళ లోపు పిల్లలు, అఱువదియైదు దాటిన వృద్ధులు, రోగనిరోధకశక్తి తగ్గినవారు ఉన్న ఇళ్ళలో పాములు, తాబేళ్ళు వంటివి తగవని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సి.డి.సి. చెబుతుంది. ఆ ఇంట పసిపాప, డెబ్బైరెండేళ్ళ నేను ఇద్దఱమూ ఆ పట్టికలో ఉన్నాము. మా అల్లుడు తొట్టి మార్చి, జాగ్రత్తలు పెంచి పామును ఉంచుకోవచ్చునన్నాడు. ఎదిగిన పిల్లలు మాత్రమే ఉన్న ఇంటికి అది సరిపోతుంది. ప్రాకుతూ దొరికినదెల్లా నోట పెట్టుకొనే బిడ్డ ఉన్న ఇంటికి చాలదని నేను చెప్పాను. మూడు రోజులు ఇంట్లో మాటలు తక్కువగా నడిచాయి. చివరకు పాము మనుమడి స్నేహితుని ఇంటికి వెళ్ళింది. అక్కడ చిన్నపిల్లలు, వృద్ధులు లేరు. ఈ జాతి పాములు పెంపకంలో పదిహేను, ఇరువది ఏళ్ళు బ్రతుకుతాయి. చెల్లికి అయిదేళ్ళు నిండేటప్పటికి అది ఇంకా పడుచు పామే. ఆ లెక్క వేసినది నేను కాదు, ఏడుపు ఆపుకొని వాడే వేశాడు.

స్నేహితుని తల్లిదండ్రుల కోసం నేను చెప్పినవి వాడు వ్రాసి ఇచ్చాడు. పాముకు విడిగా ఒక ప్లాస్టిక్ తొట్టి ఉండాలి, దానిని మఱి దేనికీ వాడకూడదు. స్నానాల గదిలోను, వంటింటి సింకులోను పామును గాని దాని పళ్ళేలను గాని కడగరాదు, పెరటిలో కడగాలి. మురికినీరు మరుగుదొడ్డిలో పోయాలి. పంజరం శుభ్రపఱచడం చేతితొడుగులు వేసుకొన్న పెద్దల పని. ముందు సబ్బుతో మలినం పోగొట్టి, ఆ తరువాతనే సీసాపై చెప్పిన మేరకు నీటిలో కలిపిన బ్లీచితో తడిపి పది నిమిషాలు ఉంచాలి. మలినం ఉండగా బ్లీచి సరిగా పనిచేయదు. పామును పట్టుకొన్న ప్రతిసారీ సబ్బుతో ఇరవై సెకండ్లు చేతులు కడుక్కొని, చొక్కా మార్చుకోవాలి. ముద్దులు కూడదు. ఈ చివరి వాక్యం వాడు చాలా చిన్న అక్షరాలతో వ్రాశాడు.

మన దేశంలో నాగుపాము, జెఱ్ఱిపోతు వంటి స్థానిక సర్పాలను ఇంట పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అందుచేత ఇదంతా అమెరికా ముచ్చటేనని అనుకోవద్దు. హైదరాబాదులో, విజయవాడలో చేపల తొట్టెలు అమ్మే దుకాణాలలో చెవులవద్ద ఎఱ్ఱచారలున్న చిన్న తాబేళ్ళు దొరుకుతాయి. పిల్లలు నోట పెట్టుకొంటున్నారనే అమెరికాలో నాలుగు అంగుళాల లోపు తాబేళ్ళ అమ్మకాన్ని 1975లో నిషేధించారు. మన ఇళ్ళలో వాటి తొట్టి నీళ్ళను అంట్లు తోమే చోటనే పారబోస్తారు. విరేచనాలు, జ్వరంతో పసిబిడ్డను వైద్యుని వద్దకు తీసుకువెళ్ళినపుడు ఇంట్లో తాబేలు ఉన్న సంగతి మీ అంతట మీరే చెప్పండి. మన ప్రాంతంలో ఆ ప్రశ్న అడిగే అలవాటు వైద్యులకు తక్కువ.