గేటు లేని కాలేజీ

మాకూ బడికీ మధ్య దూరం ఎప్పుడూ మైళ్లలో లేదు. గల్లీ మలుపులో వుంది. ఆ మలుపు దాటితే పెద్దబజారు, పెద్దబజారు దాటితే హైస్కూలు. పది నిమిషాల నడక. ఆ పది నిమిషాలు మా అమ్మీలు నడవలేదు. మాలో కొందరం ఏడో తరగతి దాకా నడిచాం, కొందరం పది దాకా. తర్వాత ఆగిపోయాం. ఎందుకాగిపోయారంటే ఒక్కొక్కరిదీ ఒక్కో కారణం. పెద్దమనిషయిందని ఒకరిని మాన్పించారు. ఉర్దూ మీడియం ఏడుతో అయిపోతే తెలుగు మీడియంలో నిలదొక్కుకోలేక ఒకరు మానేశారు. 1992 డిసెంబరు 6 తర్వాత ఆడపిల్లని బస్సెక్కించి పక్కూరి కాలేజీకి పంపడానికి అబ్బాకి ధైర్యం చాలక ఒకరు ఇంట్లో వుండిపోయారు. ఫీజుకి డబ్బుల్లేకపోవడం మాత్రం అందరి కారణం.

ఇదంతా చెబితే ప్రగతిశీల మిత్రులు కొందరు 'మీకు మతం అడ్డమొచ్చింది, బురఖా అడ్డమొచ్చింది' అని ఒక్కమాటలో తేల్చేస్తారు. 2006లో సచార్ కమిటీ లెక్క తీసింది. దేశంలో 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగోవంతు మంది బడి గడప తొక్కనివాళ్లో, మధ్యలో మానేసినవాళ్లో అని తేల్చింది. ఆ నాలుగోవంతులో మా తమ్ముళ్లు కూడా వున్నారు. సైకిలు షాపుల్లో, వెల్డింగు కొట్లలో, పంక్చర్లేస్తూ వున్నారు. వాళ్లెవరూ బురఖా వేసుకోలేదు కదా!

ఆగిపోయిన మేము మళ్లీ ఎట్లా చదివామో చెప్పాలి. ఇంటికి చదువు రావడం మా తరంతో మొదలు కాలేదు. 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. 1991 నుంచి దానికి అంబేద్కర్ పేరు. ఇంటరు లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరొచ్చన్నారు. అప్పట్నుంచి మా వాడల్లో 'ఓపెన్‌లో కట్టింది' అనే మాట పుట్టింది. 1998లో మౌలానా ఆజాద్ పేరుతో ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చి ఉర్దూలోనూ దూరవిద్య తెచ్చింది. పోస్టుమేన్ పుస్తకాల కట్ట తెచ్చిస్తే ఖాలాలు వాటిని బియ్యం డబ్బా మీద పెట్టుకుని చదివేవాళ్లు. అయితే అర్థం కానిది అడగాలంటే ఆదివారం క్లాసుకు పోవాలి. ఆదివారమంటే ఇంటికి చుట్టాలొచ్చే రోజు, మగవాళ్లు ఇంట్లో వుండే రోజు. సగం మంది ఆ ఆదివారాల దగ్గరే ఓడిపోయారు.

2020లో కరోనా వచ్చి బళ్లన్నీ మూతబడ్డాక, ఫోను చదువు ఇంటింటికీ వచ్చింది. పూర్తి డిగ్రీని ఆన్‌లైన్‌లో చదివించడానికి ఆ ఏడాదే యూజీసీ నిబంధనలు ఖాయం చేసింది. గుర్తింపు వున్న విశ్వవిద్యాలయమయితే ఆ డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమేనని 2022లో మళ్లీ స్పష్టం చేసింది. మేము ఆరుగురం అట్లా చేరినవాళ్లమే. ఒకరిది నరసరావుపేట, ఒకరిది తెనాలి, ఇద్దరిది కర్నూలు, ఒకరిది ఖమ్మం, ఒకరిది నంద్యాల. అయిదుగురికి ఇంట్లో ఉర్దూ. ఒకరు దూదేకుల, ఇంట్లో తెలుగు. 'మీరు అసలు ముస్లింలేనా' అని ఇటునుంచీ, 'మీరు అచ్చం మనవాళ్లలాగే వుంటారే' అని అటునుంచీ విని విసిగినామె. రిజర్వేషన్ కాగితాల్లోనూ మేము వేరువేరే. ఆమె బి.సి.-బి, మాలో కొందరం 2007 నుంచి బి.సి.-ఇ, ఇంకొకరు ఏదీ కాదు. ఒకే గదిలో కూచోబెడితే ఈ తేడాలన్నీ ముందు మాట్లాడేవేమో. ఫోన్లో మాత్రం ముందు అకౌంటెన్సీ మాట్లాడుకున్నాం.

ఈ చదువు వల్ల మాకు ఒరిగిందేమిటో దాచుకోకుండా చెప్పాలి. మొదటిది, మాస్టారిని ఆపొచ్చు. అర్థం కాకపోతే వెనక్కి తిప్పి మళ్లీ చెప్పించుకోవచ్చు. పదిసార్లు చెప్పించుకున్నా విసుక్కోడు, 'ఈ తురకపిల్లకి ఎంత చెప్పినా అంతే' అనడు. అది బళ్లో మేము విన్న మాటే. రెండోది, మన పొద్దు మన చేతిలో వుంటుంది. మిరపకాయలకు తొడాలు తీస్తూ ఒకరు విన్నారు. చంటిబిడ్డకు పాలిస్తూ ఒకరు విన్నారు. రంజాన్ నెలలో సహరీ అయ్యాక, ఫజర్ నమాజుకూ పిల్లలు లేవడానికీ మధ్య వుండే ఆ గంటంత నిశ్శబ్దమైన క్లాసు ఏ కాలేజీలో దొరుకుతుంది? మూడోది, వయసు. మాలో పెద్దావిడకు నలభై దాటాయి. పద్దెనిమిదేళ్ల పిల్లల పక్కన బెంచీ మీద కూచోమంటే ఆవిడ ఈ జన్మకి కూచునేది కాదు. నాలుగోది, అన్నిటికంటే పెద్దది. ఈ కాలేజీకి గేటు లేదు.

గేటు సంగతి 2022లో దేశమంతా చూసింది. ఉడుపిలో ఒక కాలేజీలో హిజాబు వేసుకున్న పిల్లల్ని క్లాసులోకి రానివ్వలేదు. తర్వాత కర్ణాటకలో చాలా కాలేజీల గేట్ల దగ్గర అదే జరిగింది. మార్చి 15న అక్కడి హైకోర్టు ఆ నిషేధం సరైందేనంది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు. గుడ్డ వేసుకోవాలా వద్దా అన్నది మా ఆరుగురిలోనే ఒక మాట మీద లేదు. ముగ్గురం బురఖా వేస్తాం, ఇద్దరం ఓణీ తలమీద కప్పుతాం, ఒకరం ఏదీ వేయం. కానీ పుస్తకాలు పట్టుకున్న పిల్ల గేటు బయట నిలబడి, లోపల్నుంచి గంట వినడం ఎట్లా వుంటుందో ఆరుగురికీ తెలిసింది.

ఆ రోజుల్లోనే మాకు రెండు పక్కల నుంచి ఒకే సలహా వచ్చింది. 'అంత పట్టింపయితే ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చుగా' అని బయటివాళ్లు. 'చూశారా, ఇంట్లోనే చదువు దొరుకుతోంది, ఇంక ఆడపిల్ల గడప దాటే పనేముంది' అని మా పెద్దలు. కాలేజీ తలుపు మూసేవాళ్లూ ఇంటి తలుపు మూసేవాళ్లూ ఒకే ఫోను చూపించారు. మాకు మేలు చేసిన చదువునే మా మీద గొళ్లెంలా వాడుకోవచ్చని అప్పుడు అర్థమయింది.

2024లో చివరి పరీక్షలయ్యాయి. మూడేళ్లు కలిసి చదివిన మేము ఒకరినొకరు ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఒకరి గొంతు, ఒకరి వంటింటి గోడ, ఒకరి పిల్లల ఏడుపు, అంతే తెలుసు. కలుద్దామనుకున్నాం. ఎవరి ఇంటికొచ్చినా మళ్లీ వంటింట్లోనే కలుస్తామని, అరకు పోదామన్నాం. ఇళ్లల్లో ఒప్పించడానికి పట్టిన కాలం డిగ్రీకి పట్టినంత అనిపించింది.

విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూల్ పాసింజరెక్కాం. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు దించి జపానుకు పంపడానికి 1960లలో వేసిన లైను అది. శృంగవరపుకోట దాటాక రైలు కొండెక్కుతుంది. ఆ లైను మొత్తం మీద 50కి పైగా సొరంగాలున్నాయి. సొరంగంలోకి పోగానే సిగ్నల్ పోతుంది, బయటికి రాగానే ఫోన్లన్నీ ఒక్కసారి మోగుతాయి. 'ఎక్కడిదాకా పోయారు' అని ఆరు ఇళ్ల నుంచి ప్రశ్నలు. కాసేపయ్యాక సొరంగాలు రావడమే హాయిగా వుంది.

అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తులో, చుట్టూ కొండల మధ్య పళ్లెంలా వుంటుంది. డిసెంబరు నెల. వలిస పూలు చేలనిండా పసుప్పచ్చగా వున్నాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు. రోడ్డు దిగి రెండడుగులు వేస్తే చప్పుడు లేదు. మా గల్లీల్లో చప్పుడు లేకపోతే ఏదో జరిగిందని భయం. కర్ఫ్యూ అంటే అదే. భయం లేని నిశ్శబ్దం ఒకటుంటుందని అక్కడ తెలిసింది. మాలో ఒకరు వలిస చేను గట్టు మీద నమాజు చేసుకున్నారు. ఎవరూ ఆగి చూడలేదు, ఎవరూ ఫోటో తీయలేదు.

అంతమాత్రాన కొండమీద అందరూ మంచివాళ్లని చెప్పడం లేదు. బస చేసినచోట ఆధార్ కార్డుల మీద పేర్లు చూసి 'మగవాళ్లెవరూ రాలేదా?' అనడిగారు. 'తెలుగు బాగా మాట్లాడుతున్నారే!' అని మెచ్చుకున్నారు. నరసరావుపేటలో పుట్టి తెలుగు మాట్లాడకపోతే ఇంకేం మాట్లాడతాం? 'కాశ్మీరు వైపు నుంచా?' అన్నారొకరు, చలికి కప్పుకున్న శాలువాలు చూసి.

బొంగులో చికెన్ దగ్గర ఇంకో చిక్కొచ్చింది. కోడిని ఎవరు కోశారని అడగడానికి మొహమాటం. ప్రయాణాల్లో ఎక్కడయినా పప్పుచారుతో సరిపెట్టుకోవడం మాకలవాటు. ఈసారి అడిగేశాం. అమ్మే ఆదివాసీ ఆవిడ అంతా విని, గంపకింద కోడిని తీసి కత్తి చేతికిచ్చింది. 'మీ దేవుడి పేరు మీరే చెప్పుకుని కోసుకోండమ్మా, కాల్చడం నేను కాలుస్తా' అంది. మా ఇళ్లల్లో జబహ్ మగవాళ్ల పని. ఆడది కోస్తే చెల్లుతుందా? చూద్దామంటే సిగ్నల్ లేదు. 'ఎందుకు చెల్లదు? మా నానీ కోసేది' అని మాలో పెద్దావిడ బిస్మిల్లా చెప్పి కోసేసింది. మూడేళ్లు ఏ సందేహమొచ్చినా ఫోనునే అడిగిన మాకు, మనుషుల దగ్గర ఎంత వుందో ఆ పూట గుర్తొచ్చింది.

ఆ కొట్లో ఆవిడ కూతురు కాఫీ పొడి పొట్లాలు కడుతోంది. డిగ్రీ చదువుతోందట. మా చదువు సంగతి చెబితే, 'ఆన్‌లైన్ అంటే మాకు కొండెక్కడం అక్కా' అని నవ్వింది. 2020లో ఆశ్రమ పాఠశాల మూసేసి పిల్లల్ని ఇళ్లకు పంపేశారు. వాళ్ల గూడెంలో సిగ్నల్ లేదు. పుస్తకం పట్టుకుని కొండ మీదికి పోయి, ఒక ఫోను చుట్టూ అయిదుగురు కూచునేవాళ్లు. వానొస్తే పాఠం లేదు. తనతో చదివిన ఇద్దరికి ఆ యేడాదే పెళ్లయిపోయింది. 'ఫోను కంటే బడే బాగుంది అక్కా. బళ్లో అన్నం వుండేది, స్నేహితులుండేవాళ్లు' అంది.

మేము మాట్లాడలేకపోయాం. మాకు సిగ్నల్ వుంది, గడప దాటే వీల్లేదు. ఆమెకు గడప అడ్డం లేదు, సిగ్నల్ లేదు. మాకు వరమయిన చదువు ఆమె దగ్గరున్న బడిని ఊడబెరికింది. ఆన్‌లైన్ చదువు మంచిదా చెడ్డదా అని వాదించేవాళ్లు, ఎవరికి అని కూడా అడగాలి. అది వున్న బడికి తోడుగా వచ్చిందా, బడిని తీసేసి వచ్చిందా అని అడగాలి.

మమ్మల్ని ఏ లోయ మనుషులనుకున్నారో ఆ లోయ సంగతి కూడా మాట్లాడుకున్నాం. అక్కడ కొండలు అడ్డం రాలేదు, ఆజ్ఞ అడ్డం వచ్చింది. 2019 ఆగస్టు 5న కాశ్మీరులో ఇంటర్నెట్ తీసేశారు. మరుసటి జనవరిలో 2జి ఇచ్చారు. 4జి పూర్తిగా తిరిగి వచ్చింది 2021 ఫిబ్రవరిలో. దేశంలో పిల్లలంతా ఫోను చదువులు చదివిన 2020లో అక్కడి పిల్లలు చాలామంది 2జి మీద, కదలని మాస్టారి బొమ్మను చూస్తూ కూచున్నారు. అదే 2019 సెప్టెంబరులో, కేరళలో ఒక విద్యార్థిని హాస్టల్లో సాయంత్రాలు ఫోను లాక్కుంటున్నారని కోర్టుకెక్కితే, ఇంటర్నెట్ అందుకోవడం చదువు హక్కులో భాగమేనని అక్కడి హైకోర్టు చెప్పింది. ఒక హక్కును ఒకచోట ఒప్పుకున్న నెలలోనే ఇంకోచోట తీగ తెగి వుంది. ఈ చదువుకు గేటు లేదన్నాం కానీ తీగ వుంది. తీగ ఎవరి చేతిలో వుందో చూసుకోవాలి. కొన్నిచోట్ల సర్కారు చేతిలో, కొన్నిచోట్ల కంపెనీ రీచార్జిలో, మా ఇళ్లల్లో చాలాసార్లు భర్త జేబులో.

అందుకే మా వాళ్లకూ, మీకూ ఒక మాట. ఆన్‌లైన్ చదువును మేము వదులుకోం. ఆగిపోయిన ప్రతి ఆడమనిషికీ దాన్ని చూపిస్తాం, ఫారం నింపిపెడతాం. మసీదు కమిటీలు షాదీఖానాలో ఒక గది ఇచ్చి, నాలుగు కంప్యూటర్లు పెట్టి, ఆడవాళ్లని కలిసి కూచుని చదువుకోనివ్వాలంటున్నాం. అయితే దాన్ని చూపించి కాలేజీ గేటు మూస్తామంటే ఒప్పుకోం. ఇంట్లోనే వుండమంటే అసలే ఒప్పుకోం.

మాలో ఇద్దరం ఇప్పుడు బి.ఎడ్. చదవాలనుకుంటున్నాం. అది ఫోన్లో అయ్యేది కాదు. రోజూ కాలేజీకి పోవాలి, బళ్లో నిలబడి పిల్లలకు పాఠం చెప్పాలి. 'డిగ్రీ ఇంట్లోనే చదివినదానివి, ఇప్పుడు బయటికెందుకు?' అని ఇంట్లో అడుగుతున్నారు. ఇంట్లో చదివింది అందుకేనని చెబుతున్నాం. సీటొస్తే ఒకరం బురఖాలో, ఒకరం ఓణీలో ఆ గేటు దగ్గరికి పోతాం. లోపలున్నవాళ్లు ఏమంటారో చూడాలి.