బఫెలో మంచులో సంక్రాంతి వాకిళ్ళు

బఫెలో పేరు చెప్పగానే మనవాళ్ళకు ముందుగా గుర్తొచ్చేది నయాగరా జలపాతం. న్యూయార్క్ రాష్ట్రంలో పడమటి కొసన, ఎరీ సరస్సు తూర్పు చివర ఉన్న ఈ ఊరికి జలపాతం సుమారు 20 మైళ్ళు. పిల్లల దగ్గరకు వేసవిలో వెళ్ళిన తల్లిదండ్రులు జలపాతం ముందు ఫొటో దిగి, దానినే ప్రయాణ విశేషంగా చెప్పుకుంటారు. చలికాలంలో వెళ్ళినవారికి మాత్రం ఆ ఊరి అసలు విశేషం మంచు. మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయని 2024 జనవరి మొదటివారంలో నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్ళాం. ఆ ఏడాది సంక్రాంతి మంచులో గడిచింది. అక్కడ నేను చూసినవాటిలో అందరికీ పనికొచ్చే ఒక చిన్న సంగతి చెబుతాను.

ముందు ఆ మంచు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పాలి. మా బరంపురంవాళ్ళకు సముద్రం తుపాను తెస్తుందని తెలుసు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మా పక్కనున్న గోపాలపురం దగ్గరే తీరం దాటింది. బఫెలోవాళ్ళకు సరస్సు మంచు తెస్తుంది. ఎరీ సరస్సు పొడవు సుమారు 240 మైళ్ళు. చలికాలం మొదట్లో దాని నీళ్ళలో ఇంకా కాస్త వెచ్చదనం మిగిలి ఉంటుంది. పడమటి నుంచి వచ్చే అతిశీతల గాలి ఆ నీళ్ళ మీదుగా పొడవునా వీచి, వేడినీ తేమనూ పీల్చుకుని, ఒడ్డు చేరగానే ఆ భారమంతా మంచుగా దింపేస్తుంది. ఈ మబ్బు సన్నని పట్టీలా వస్తుంది. అందువల్ల ఒక పేటలో ఎండ కాస్తుంటే, నాలుగైదు మైళ్ళ అవతల పేటలో కారు కనబడనంత మంచు పడుతుంది. సరస్సు పూర్తిగా గడ్డకడితే ఈ మంచు తగ్గిపోతుంది.

బఫెలోలో ఏడాదికి సగటున సుమారు 95 అంగుళాల మంచు పడుతుంది. 2022 నవంబరులో ఊరికి దక్షిణాన ఉన్న హాంబర్గ్, ఆర్చర్డ్ పార్క్ ప్రాంతాల్లో ఒక్క వానలా వచ్చిపడిన మంచు 80 అంగుళాల దాకా ఉంది. అంటే మన వీధి గుమ్మం ఎత్తు. అదే ఏడాది డిసెంబరులో క్రిస్మస్ రోజుల్లో వచ్చిన మంచుతుపానులో ఆ ప్రాంతంలో 40 మందికి పైగా చనిపోయారు. కొందరు కార్లలో చిక్కుకుపోయారు, కొందరికి వైద్యసహాయం సమయానికి అందలేదు. కాబట్టి అక్కడ ఇంటి ముందు దారి తెరిచి ఉంచుకోవడం శుభ్రతకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, ప్రాణానికి సంబంధించినది కూడా.

మా అమ్మాయివాళ్ళ ఇల్లు ఈ దక్షిణపు పేటల్లోనే ఉంది. కారు షెడ్డు నుంచి రోడ్డు దాకా ఉన్న దారిని వాళ్ళు డ్రైవ్‌వే అంటారు. మనకు వాకిలి అంటేనే బాగుంటుంది. ఆ వాకిలి 50 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు. బ్యాంకు అలవాటు కొద్దీ నేనొక లెక్క వేశాను. అడుగు మంచు పడితే 800 ఘనపుటడుగులు. పది అంగుళాల మంచు కరిగితే సుమారు ఒక అంగుళం నీరవుతుందంటారు. ఆ లెక్కన 80 ఘనపుటడుగుల నీరు, బరువు 2,200 కిలోల పైచిలుకు. పారతో ఎత్తిపోస్తే రెండు టన్నులకు మించిన బరువు ఎత్తినట్టే. చలిలో ఇంత శ్రమ గుండెకు ప్రమాదమని, ముఖ్యంగా వయసు మళ్ళినవాళ్ళు జాగ్రత్తగా ఉండాలని అక్కడి డాక్టర్లు ఏటా హెచ్చరిస్తారు. “మావయ్యగారూ, పార మాత్రం మీరు ముట్టుకోకండి” అని మా అల్లుడు వెళ్ళిన రోజే చెప్పేశాడు.

ఆ పనికి స్నోబ్లోయర్ అనే యంత్రం ఉంది. కెనడాలోని క్యూబెక్‌కు చెందిన ఆర్థర్ సికార్డ్ అనే ఆయన 1925లో దీన్ని తయారుచేశాడు. ఆయన చేసింది రోడ్లు తుడిచే పెద్ద బండి. ఇప్పుడు ఇళ్ళల్లో వాడేది చేతులతో పట్టుకుని వెనక నడిచే రకం. ముందు ఒక ఇనుప డబ్బా, దానిలో మరలా తిరిగే ఆగర్ ఉంటాయి. ఆగర్ మంచును కోసి నడిమికి లాగుతుంది. దాని వెనకనున్న పంకా ఆ మంచును గొట్టంలోంచి పది ఇరవై అడుగుల అవతలికి విసురుతుంది. డబ్బా అడుగున నేలను గీరే ఇనుప పట్టీ ఒకటి ఉంటుంది.

డబ్బాకు రెండు పక్కలా రెండు ఇనుప పలకలు బోల్టులతో బిగించి ఉంటాయి. వాటినే స్కిడ్ షూలంటారు. ఎద్దు కాలికి నాడా కొట్టినట్టు ఈ యంత్రానికీ చెప్పులున్నాయన్నమాట! యంత్రం ముందుభాగం బరువంతా వీటి మీదే జారుతుంది. బోల్టులు దూరే కంతలు గుండ్రంగా కాక నిలువుగా పొడుగ్గా ఉంటాయి కనుక షూలను పైకీ కిందికీ జరపవచ్చు. షూను కిందికి దింపితే డబ్బా నేలకు ఎత్తుగా ఉంటుంది, పైకి జరిపితే డబ్బా నేలకు దగ్గరవుతుంది. కొత్తవాళ్ళు తికమక పడేది ఇక్కడే.

ఇంత చిన్న పలకల గురించి ఇంత చెప్పడం ఎందుకంటే, ఒక్కో వాకిలికి ఒక్కో ఎత్తు కావాలి. మనవాళ్ళు కొబ్బరి కోరేటప్పుడు చిప్ప దాకా కోరితే తెల్లటి కోరులో గోధుమరంగు పెంకు కలుస్తుంది, పైపైన కోరితే సగం కొబ్బరి చిప్పకే మిగులుతుంది. ఇదీ అంతే.

తారు వాకిలి, నున్నటి సిమెంటు వాకిలి అయితే గీరే పట్టీకీ నేలకూ మధ్య సుమారు 3 మిల్లీమీటర్ల సందు చాలు. మంచు దాదాపు పూర్తిగా వచ్చేస్తుంది. సందు ఎక్కువ పెడితే కింద పలుచని పొర మిగులుతుంది. దానిమీద కారు చక్రాలు తిరిగి, రాత్రి చలికి అది గాజుపలకలాంటి ఐసు అవుతుంది. మంచులో నడవవచ్చు గాని ఆ ఐసు మీద నడవలేం. నెలలు నిండిన అమ్మాయి ఆ వాకిలి దాటి కారెక్కాలి గనుక, ఆ 3 మిల్లీమీటర్ల విలువ నాకు బాగా అర్థమైంది.

సిమెంటు పలకల కాలిబాట అయితే ఇంకో ఇబ్బంది. నేలలోని తేమ గడ్డకట్టి ఉబ్బి కొన్ని పలకలను పైకి నెడుతుంది. పట్టీ మరీ కిందికి ఉంటే ఆ అంచుకు తగిలి యంత్రం ఠక్కున ఆగుతుంది, పిడి వచ్చి నెట్టేవాడి పొట్టకు గుద్దుకుంటుంది. అలాంటిచోట సందు కొంచెం పెంచాలి. రంగు ఇటుకలు, పలకరాళ్ళు పరిచిన వాకిళ్ళ మీద ఇనుప షూలు గీతలూ తుప్పు మరకలూ పెడతాయి. వాటికి గట్టి ప్లాస్టిక్‌తో చేసిన షూలు దొరుకుతాయి.

అన్నిటికన్నా జాగ్రత్త కావలసింది కంకర వాకిలికి. అక్కడ డబ్బాను నేల నుంచి కనీసం ఒక అంగుళం ఎత్తి ఉంచాలి. లేకపోతే ఆగర్ మంచుతోపాటు రాళ్ళనూ లాగుతుంది, పంకా వాటిని వడిసెల రాయిలా విసురుతుంది. అద్దాలు పగులుతాయి, మనుషులకూ తగలవచ్చు. కంకర మీద అంగుళం మంచు వదిలేయడమే పద్ధతి. అది గట్టిపడి కంకరను పట్టి ఉంచుతుంది. మేము అప్పులిచ్చేటప్పుడు తాకట్టును బట్టి మార్జిన్ ఉంచుతాం. బంగారానికి ఉంచిన మార్జిన్ గోదాములో సరుకుకు చాలదు. ఈ షూల లెక్కా అలాంటిదే అనిపించింది.

మా అల్లుడికి ఈ రెండు లెక్కలూ రోజూ కావలసి వచ్చేవి. వాళ్ళది తారు వాకిలి, పక్కింటి పెద్దావిడది కంకర వాకిలి. ఆవిడ ఒంటరి మనిషి. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళాలి. తీసుకెళ్ళే బండి మెట్ల దాకా రావాలి. మంచు పడిన రోజల్లా తన వాకిలి తరవాత ఆవిడ వాకిలి కూడా తీసివ్వడం మా అల్లుడు అలవాటు చేసుకున్నాడు.

భోగి ముందురోజు, జనవరి 13న, తుపాను మొదలైంది. ఎరీ కౌంటీలో రోడ్లమీద వాహనాలు తిరగకూడదని నిషేధం పెట్టారు. ఆర్చర్డ్ పార్క్‌లో భోగినాడు జరగవలసిన బఫెలో బిల్స్, పిట్స్‌బర్గ్ స్టీలర్స్ ఫుట్‌బాల్ ఆట మర్నాటికి వాయిదా పడింది. స్టేడియంలో మంచు ఎత్తడానికి రమ్మని గంటకు 20 డాలర్ల కూలి ప్రకటించారు. ఇంట్లో మా ఆవిడ పొంగలి పెట్టి, గుమ్మం లోపల చాపంత జాగాలో ముగ్గు వేసింది. బయట మా అల్లుడు మూడు గంటలకోసారి మంచు తీశాడు. మా వీధుల్లో పండగనాడు ఆడవాళ్ళు తెల్లవారుజామున వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లినట్టే, ఆ వీధిలో ప్రతి ఇంటి ముందూ ఎవరో ఒకరు వాకిలి పనిలో ఉన్నారు.

కనుమనాడు కాకి కూడా కదలదంటారు. పెద్దావిడకు మాత్రం కదలక తప్పదు. ఆ రోజు చీకటి ఉండగానే మా అల్లుడు లేచి తమ వాకిలి తీసి, యంత్రాన్ని షెడ్డులోకి తెచ్చాడు. నేను టార్చిలైటు పట్టుకున్నాను. ఇంజను ఆపి, తాళంచెవి తీసి, స్పార్క్ ప్లగ్ తీగ ఊడదీశాడు. షెడ్డు గచ్చు సమంగా ఉంది కనుక పట్టీ కింద రెండు కొసలా అంగుళం మందం చెక్కముక్కలు పెట్టాడు. పానాతో నట్లు వదులుచేయగానే షూలు జారి నేలను తాకాయి. అవి బల్లపరుపుగా ఆనాయని చూసి నట్లు బిగించాడు. రెండు పక్కలా ఒకే ఎత్తు ఉండాలి, చక్రాల్లో గాలీ సమంగా ఉండాలి. లేకపోతే యంత్రం ఒక పక్కకు లాగుతుంది. తారు వాకిలికి చెక్కముక్కల బదులు రంగు కలిపే పలుచని పుల్లలు పెడతారు.

“రోజూ ఇదంతా కొలవాలా బాబూ?” అన్నాను.

“అక్కర్లేదు మావయ్యగారూ” అని డబ్బా పక్కన రెండు గీతలు చూపించాడు. మా అమ్మాయి గోళ్ళరంగుతో పెట్టినవి. ఎర్రగీత తారుకు, తెల్లగీత కంకరకు. షూ అంచు ఏ గీతకు వస్తే ఆ వాకిలికి సిద్ధం.

పావుగంటలో పని అయిపోయింది. కంకర ఒక్కటి కూడా ఎగరలేదు. రోడ్డు బండి నెట్టివేసిన మంచుగుట్ట వాకిలి చివర అడ్డంగా ఉంది. అది తడిసి గట్టిపడి ఉంటుంది కనుక నెమ్మదిగా తీయాలి. నడుమ గొట్టంలో మంచు కూరుకుపోతే అతను యంత్రం ఆపి కర్రతో పొడిచాడు. అందులో చెయ్యి పెట్టి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు అక్కడ ఏటా ఉంటారట. ఇంజను ఆగినా బిగుసుకున్న పంకా మంచు వదలగానే ఒక్కసారి తిరుగుతుంది. ఎనిమిదిన్నరకు బండి వచ్చి పెద్దావిడను తీసుకెళ్ళింది. తిరిగొచ్చాక ఆవిడ మా ఆవిడను పిలిచి, పుట్టబోయే బిడ్డకని ఊలుతో అల్లిన టోపీ ఇచ్చింది. మరుసటివారం అర్ధరాత్రి మా అమ్మాయిని ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు వాకిలి పొడిగా, నల్లగా ఉంది. మనవరాలు క్షేమంగా పుట్టింది.

చలికాలంలో పిల్లల దగ్గరకు వెళ్ళే తల్లిదండ్రులకు ఒకటి రెండు మాటలు. అక్కడ స్వెట్టర్లు, బూట్లు ఉన్నాయా అని అడిగినట్టే, వాకిలి తారుదా, సిమెంటుదా, కంకరదా అని కూడా అడగండి. మంచు రాకముందే షూలు అరిగాయేమో చూసుకోమనండి. చాలా షూలను తిరగేసి రెండోవైపు వాడుకోవచ్చు. మూసిన షెడ్డులో పెట్రోలు ఇంజను నడపవద్దని చెప్పండి, ఆ పొగ ప్రాణం తీస్తుంది. యంత్రం నడుస్తుంటే మీరు గొట్టం విసిరే వైపు నిలబడకండి. ఇక పక్కింటి వాకిలి ఎలాంటిదో కూడా తెలుసుకోండి. మంచు పడ్డ రోజున ఆ ఇంటివారికి మీవాళ్ళ యంత్రం అవసరం పడవచ్చు.