టూసాన్‌లో మా మొదటి వానాకాలం

అరిజోనాకి మారామనగానే అందరూ ఒకటే అడుగుతున్నారు, ఆ ఎండలకి ఎలా తట్టుకుంటున్నారని. ఎండలు నిజమే. మధ్యాహ్నం చన్నీళ్ల కుళాయి తిప్పినా వేడినీళ్లే వస్తాయి. చీకటి పడ్డాక పెరట్లోకి వెళ్లాలంటే యూవీ టార్చి ఉండాల్సిందే, ఆ వెలుగులో తేళ్లు ఆకుపచ్చగా మెరిసి కనిపిస్తాయి.

అయినా ఈ ఊరు నాకు బాగా నచ్చింది. సొనోరన్ ఎడారిలో ఎటు చూసినా ఏదో ఒక చెట్టు ఉంటుంది. పాలో వెర్డే చెట్టుకి బెరడు కూడా ఆకుపచ్చే. నీళ్లు లేనప్పుడు ఆకులు రాల్చేసి బెరడుతోనే ఆహారం తయారుచేసుకుంటుంది. మా వీధి చివర నిలువెత్తు సవారో కాక్టస్ ఉంది, ఇంకా ఒక్క కొమ్మా వెయ్యలేదు. మొదటి కొమ్మకే సాధారణంగా 50 ఏళ్లు దాటుతాయి. దాని ముందు నిలబడితే ఎంత గౌరవం కలుగుతుందో!

ఇక్కడ వానాకాలం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 30 వరకు. నిన్న సాయంత్రం దుమ్ము లేచింది, వెంటనే వాన. తడిసిన క్రియోసోట్ పొదల ఘాటైన వాసన ఇల్లంతా నిండిపోయింది. అనంతపురానికి ఫోన్ చేసి ఆ చప్పుడు వినిపిస్తే, "మాకింకా చినుకు లేదు, నువ్వైనా కళ్లారా చూడవే" అంది అమ్మ.

కొత్తగా వచ్చేవాళ్లకి ఒక్క మాట. ఎండిన వాగులు నిమిషాల్లో పొంగుతాయి. అడ్డుబోర్డులు పెట్టిన దారిలో మాత్రం కారు దింపకండి. ఇరుక్కుంటే బయటికి తీసిన ఖర్చు మన దగ్గరే వసూలు చేసే చట్టం ఉందిక్కడ.